నవ్వుల ఫోల్డరు

స్టూడియో వెనకగదిలో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపితే మనుషులు ఉడికిపోతారు. అక్కడ కాగితాలకే గౌరవం ఎక్కువ కాబట్టి ఫ్యాను ఆపేసి, మెడకి తడిరుమాలు చుట్టుకుని, ఎవరిదో పాస్‌పోర్టు ఫోటోలో చెవులు సర్దుతోంది టచప్పక్క. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. ఫోటోలకి టచప్ చేసీ చేసీ ఆ పేరు ఎప్పుడో అరిగిపోయింది. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా టచప్పక్కా అనే పిలుస్తాడు.

ఈ పనిలో పడి ఆవిడకి ఒక జబ్బు కూడా పట్టుకుంది. బస్సులో ఎదుటి సీట్లో ఎవరు కూర్చున్నా చేతులు దురదపెడతాయి. ఈయన కుడికన్ను కాస్త పెంచాలి, ఈవిడ గడ్డం కింద నీడ తగ్గించాలి అనుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. ఇంట్లో మొగుడు అన్నం తింటుంటే ఆయన ముక్కువైపు అదేపనిగా చూసి తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి.

"అక్కా, నీకోసం ఎవరో వచ్చారు," అని ముందుగదిలోంచి ఓనరు కేకేశాడు. ఓనరు ఆవిడకంటే పదేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న హయాం నుంచీ ఆవిడ ఇక్కడే పనిచేస్తోంది కాబట్టి అతను పేరుకే ఓనరు, మాట చెల్లేది ఆవిడదే.

వచ్చినామెకి ముప్పై అయిదు దాటి ఉండవు. ప్యాకింగ్ కంపెనీ వాళ్ళిచ్చే నీలం కోటు విప్పకుండానే వచ్చేసింది. సంచిలోంచి రెండు అట్టముక్కల మధ్య పెట్టిన ఫోటో తీసి టేబుల్ మీద పెట్టింది. పెట్టాక కూడా దాని మీంచి అరచెయ్యి తీయలేదు.

"మా పాపదండీ. పెద్దది చేయించాలి."

బడిలో తీసిన గ్రూపు ఫోటో అది. నలభైమంది పిల్లలు, నాలుగు వరసలు. రెండో వరసలో చివరినుంచి మూడో మొహం కింద గోరు ఆనించి చూపించింది. ఆ మొహం కందిగింజంత ఉంది. అందులోనూ సగమే. ముందువరసలో పొడుగుపిల్ల తల అడ్డమొచ్చి ఎడమ చెంప, ఎడమ కన్ను, మూతిలో సగం, ఆ వైపు భుజం మొత్తం మరుగునపడిపోయాయి.

"ఇది కాక ఇంకేదన్నా ఉందా తల్లీ? ఫోన్లో తీసినవి?"

"అన్నీ ఫోన్లోనే ఉండేవి. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాం. పదో రోజున వరండాలో ఛార్జింగుకి పెట్టిన ఫోను ఎవరో పట్టుకుపోయారు." ఎవర్నీ తిట్టకుండా చెప్పింది. "మర్నాడు పాప పోయింది. తొమ్మిదేళ్ళు. ఇప్పటికి ఎనిమిది నెలలు."

టచప్పక్క మౌసు మీంచి చెయ్యి తీసేసింది. ఆ షాపులో పెద్దవి చేయించే ఫోటోల్లో సగం పోయినవాళ్ళవే, ఇలాంటి మాటలు ఆవిడకి కొత్త కాదు. అయినా తొమ్మిదేళ్ళ పిల్ల అనేసరికి ఆ కందిగింజంత మొహాన్ని మళ్ళీ వంగి చూసింది.

"ఆదివారం ఇల్లు మారుతున్నామండీ," అంది ఆ తల్లి. "ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాం. కానీ కొత్తిల్లు పాప చూడని ఇల్లు కదా. మేము పోయి పాపని ఇక్కడే వదిలేసినట్టు ఉంది నాకు. తలుపు తీయగానే ఎదురుగా గోడ మీద పాప ఉండాలి. ముందు తనే రావాలి ఆ ఇంట్లోకి."

ఓనరు మెడ సాచి ఫోటో చూసి, టచప్పక్క చెవి దగ్గర గొణిగాడు. "ఇందులో ఏముందని ఒప్పుకుంటావక్కా? కందిగింజని గుమ్మడికాయ చెయ్యమన్నట్టుంది."

"నువ్వు పోయి టీ చెప్పు," అందావిడ. తర్వాత ఆ తల్లివైపు తిరిగి, "శనివారానికి ఇస్తానమ్మా. బుధవారం నుంచి రోజూ పనయ్యాక ఒక గంట వచ్చి నా పక్కన కూర్చోవాలి మరి. సగం నా దగ్గరుంది, మిగతా సగం నీ దగ్గరుంది," అంది.

ఫోటోని స్కాన్ చేసి పెద్దది చేస్తే బూడిదరంగు చుక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. చుక్కల్ని ఒక్కొక్కటే కలుపుకుంటూ, మంగళవారం సాయంత్రానికి కుడి కనుబొమ్మ, కుడి చెంప తేల్చింది. లేని సగం కోసం ఈ పనిలో అందరూ చేసేదే చేసింది. ఉన్న సగాన్ని అద్దంలో చూపినట్టు తిప్పి అవతలివైపు అతికించింది. మొహం, మెడ, భుజాలు అన్నీ కుదురుగా అమరిపోయాయి. ఎంత కుదురుగా అంటే పిల్లలా లేదు, గాజుబీరువాలో బొమ్మలా ఉంది.

బుధవారం ఆ తల్లి వచ్చి స్టూలు మీద కూర్చుంది. తెర చూసి తల అడ్డంగా ఊపింది.

"కళ్ళు ఎలా ఉండేవమ్మా?"

"పెద్దవేనండీ. పిల్లలందరికీ ఉన్నట్టే." కాసేపు ఆలోచించింది. ఆలోచించేకొద్దీ మొహం చిన్నబోయింది. "కన్నతల్లిని. కళ్ళెలా ఉంటాయో చెప్పలేకపోతున్నాను, చూడండి."

"చెప్పడం ఎవరికీ రాదు తల్లీ. పాతికేళ్ళు కాపురం చేశాను, మా ఆయన మొహం చెప్పమంటే నేనూ మీసం దగ్గర ఆగిపోతాను. చూపిస్తే మాత్రం గుర్తుపడతాం. నేను చూపిస్తూ ఉంటాను, నువ్వు కాదు, అవును అంటూ ఉండు, చాలు."

అందుకోసమే కంప్యూటర్లో ఆవిడకి ఫోల్డర్లు ఉన్నాయి. కోట్ల ఫోల్డరు, జుట్ల ఫోల్డరు, కళ్ళ ఫోల్డరు, నవ్వుల ఫోల్డరు. గ్రూపు ఫోటోలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు, ఎవరో ఒకరు మూతి ముడుస్తారు. వాళ్ళకి అతికించడానికి వేరే ఫోటోల్లోంచి బాగా వచ్చినవి కత్తిరించి ఏళ్ళతరబడి దాచుకుంది. ఎవరి కోటు ఎవరికి తొడిగిందో, ఎవరి కళ్ళు ఎవరికి పెట్టిందో ఇప్పుడు ఆవిడకే గుర్తులేదు. దేవుడు సగంలో వదిలేసినవన్నీ మా అక్క పూర్తిచేస్తుంది అని ఓనరు గిరాకీల ముందు గొప్పలు పోతుంటాడు.

కళ్ళు ఒక్కో జతే మారుస్తూ పోయింది. కాదు. కాదు. కొంచెం. కాదు. ముందుది మళ్ళీ చూపించండి. అలా ఆ రోజుకి కళ్ళు కుదిరాయి. నుదుటి మీద పడే జుట్టు పాయ కుదిరింది. లేచి వెళ్ళబోతూ ఆ తల్లి గుమ్మం దగ్గర ఆగింది.

"నవ్వుతున్నట్టు ఉండాలండీ."

"ఫోటోలో నవ్వట్లేదుగా అమ్మా."

"నవ్వేది. పళ్ళన్నీ కనబడేలా నవ్వేది. మూతి మూసుకుని ఉంటే నేను చూడలేను."

గురువారం టచప్పక్క అన్నం డబ్బా మూత తీయలేదు. నవ్వుల ఫోల్డరు తెరిచి తొమ్మిది పదేళ్ళ ఆడపిల్లల నవ్వులన్నీ పక్కకి తీసి ఒక్కోటే తొడిగి చూసింది. ఒకటి వెటకారంగా ఉంది. ఒకటి ఫోటోగ్రాఫరు నవ్వమంటే నవ్వినట్టుంది. నూటనలభైమూడో నవ్వు తొడిగేసరికి ఆవిడ వీపు నిటారుగా అయింది. ఇక అక్కణ్ణించి చెయ్యి దానంతటదే నడిచింది. నవ్వితే చెంప పైకి లేస్తుంది కాబట్టి చెంప లేపింది. చెంప లేస్తే కన్ను చిన్నదవుతుంది కాబట్టి కన్ను తగ్గించింది. ఆ బడి ఫోటోలో లేని వెలుతురు ఒకటి ఎడమనుంచి తెచ్చి, కనుపాపలో ఒక తెల్లచుక్క పెట్టింది. ఎవరూ చెప్పకుండానే పెట్టింది ఆ చుక్క. పెట్టగానే పిల్ల తనవైపు చూసినట్టయింది ఆవిడకి.

సాయంత్రం ఆ తల్లి వచ్చి, స్టూలు మీద కూర్చోబోయి, మధ్యలోనే ఆగిపోయింది. చెయ్యి చాచి తెర మీద చెంప ఉన్నచోట వేళ్ళు పెట్టింది.

"ఇదేనండీ. ఇదే మా పిట్ట."

పిట్ట అన్నది ఆ పిల్ల ముద్దుపేరని టచప్పక్కకి అప్పుడే తెలిసింది. ఆ తల్లి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, కొత్త ఫోన్లోకి ఆ ఫోటో ఎక్కించమని అడిగి ఎక్కించుకుని, రోడ్డు మీద కూడా ఫోన్ చూసుకుంటూనే పోయింది. ఓనరు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగేవాడు ఆ రోజు ముక్కు తుడుచుకుని లోపలికి పోయాడు. టచప్పక్కకి గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళలో తన చేతిమీద ఇంతకంటే మంచి పని జరగలేదనుకుంది. ఆ సంతోషంలో బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచే వెళ్ళింది.

శుక్రవారం సాయంత్రం పిట్ట నాన్న వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది, చొక్కా జేబు అంచున రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. పక్కవీధిలో టైలరు. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నదే.

"ఫ్రేము రేపు వస్తుంది తమ్ముడూ. చూస్తానంటే చూడు," అని టచప్పక్క ఉత్సాహంగా తెర అతనివైపు తిప్పింది.

అతను మొహంవైపు చూడలేదు. ముందు భుజాలు చూశాడు. మెడనుంచి రెండువైపులా చూపుతో కొలిచాడు.

"భుజాలు సమానంగా వచ్చాయక్కా."

"ఏం, బాగా లేవా?"

"పిట్టకి ఎడమ భుజం అర అంగుళం కిందికి. పుట్టుకతోనే అంతే. గౌను కోసినప్పుడల్లా ఆ పక్క అర అంగుళం దించి కోసేవాణ్ణి. తొడుక్కుంటే తెలిసేది కాదు. వాళ్ళమ్మ కూడా గమనించలేదెప్పుడూ."

అద్దంలా తిప్పి అతికించిన సంగతి గుర్తొచ్చి టచప్పక్కకి మొహం వేడెక్కింది. కనిపించని సగం కనిపించే సగంలాగే ఉంటుందని ఎవరు చెప్పారు తనకి? ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఇలా తిప్పేసిందో. వెంటనే ఎడమ భుజం దించింది. అతను ఇంకాస్త, ఇంకాస్త అని, చాలన్నాడు. చాలన్నాడు గానీ కదల్లేదు.

"ఈ నవ్వు ఎవరిదక్కా?"

మీ పాపదే అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అర అంగుళం తేడా పట్టుకున్న మనిషి దగ్గర దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"వేరే పిల్లది. ఏదో ఫారానికి ఫోటో దిగడానికి వచ్చినప్పుడు తీసింది."

అతను తలూపాడు. "మా షాపులో స్టూలు మీంచి పడి పిట్టకి ముందుపన్ను కొస విరిగింది. బడిలో ఎవరో ఎగతాళి చేశారట. అప్పట్నించీ నోరు తెరిచి నవ్వలేదు. రెండేళ్ళు. పెదాలు మూసే నవ్వేది. వాళ్ళమ్మకి అది గుర్తులేదో, గుర్తుంచుకోవాలని లేదో నాకు తెలీదు. నేను అడగలేదు."

"నన్ను క్షమించు తమ్ముడూ."

"తిట్టడానికి రాలేదక్కా. భయపడి వచ్చాను." టేపు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడాడు. "మిషను తొక్కుతూ కళ్ళు మూస్తే చాలు, పిట్ట కనబడేది నాకు. ఫోను పోయినా నేను ఏడవలేదు, నా లోపల ఉంది కదా అనుకున్నాను. నిన్న మా ఆవిడ ఈ ఫోటో చూపించింది. అప్పట్నించీ కళ్ళు మూస్తే ఇదే వస్తోంది. నా పిల్లని పక్కకి నెట్టి ఇదొచ్చి నిలబడుతోంది. ఇంకో వారం పోతే నా పిల్ల ఇక రాదేమోనక్కా."

"రేపు పొద్దున్నే రా. నీ పిల్లని నీకు తెచ్చిపెడతాను," అంది టచప్పక్క.

ఇంటికి పోయాక గోడ మీదున్న నాన్న ఫోటో ముందు నిలబడింది. ఆయన పోయినప్పుడు అది తనే తయారుచేసింది. నున్నటి చెంపలు, ఒక్క మచ్చ లేదు. నాన్నకి పుట్టుమచ్చ ఉండేదని ఎక్కడో గుర్తు. తనే తీసేసిందా? సొంత అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, నాన్నకి పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉండేదే?"

"నాన్నకి పుట్టుమచ్చ ఏమిటి? ఎదురుగా ఫోటో పెట్టుకుని ఆ ప్రశ్నేమిటే నీకు?" అని అక్క నవ్వింది. నవ్వి, ఇంట్లో కూర మాడిపోతోందని పెట్టేసింది.

శనివారం పొద్దున ఓనరు షట్టరు ఎత్తేసరికే అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వెనకగదిలో స్టూలు దగ్గరగా లాక్కుని, చెప్పడం మొదలుపెట్టాడు. పెదాలు మూసేది. ఒక పక్క కొంచెం పైకి లేచేది. ఏ పక్క? ఎడమ. కాదు, కుడి. టచప్పక్క ఎడమ లేపింది, కుడి లేపింది. రెండూ కాదన్నాడు. అరగంటకి అతని నుదురంతా చెమట పట్టింది.

"పోతోందక్కా. చెప్పేకొద్దీ పోతోంది."

"చెప్పకు. నువ్వు నవ్వి చూపించు."

"నేనా?"

"పిట్ట ఎలా నవ్వేదో అలా నవ్వు. ఎన్నిసార్లు చూశావు నువ్వు. నీ మూతికి తెలుసు."

అతను సిగ్గుపడ్డాడు. గుమ్మంవైపు చూసి, ఎవరూ లేరని ఖాయం చేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కలిపాడు. కింది పెదవి కొంచెం లోపలికి పోయింది. కుడి కొస లేచింది, గడ్డం ఎడమకి ఒరిగింది, కుడిచెయ్యి ఎవరో లేపినట్టు సగం దాకా లేచి నోటికి అడ్డం రాబోయి ఆగింది. గడ్డం మాసిన నలభై ఏళ్ళ మొహంలో ఒక ఆడపిల్ల నవ్వు వచ్చి కూర్చుంది. టచప్పక్క ఊపిరి బిగబట్టి చూసింది. తండ్రీకూతుళ్ళకి ఒకటే మూతి. ఫోల్డర్లన్నీ మూసేసి అతని మొహం చూస్తూ గీసింది. మళ్ళీ నవ్వమంది, మళ్ళీ నవ్వాడు. ఈసారి ఎవరి ముక్కా అతికించలేదు, కుడికి ఎడమ కలిపి సమానం చేయలేదు.

గంటన్నర తర్వాత తెర తిప్పింది. అతను చూశాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముందుకి వంగి, ఇంటికొచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు.

"వచ్చావా?" అన్నాడు.

టచప్పక్క మొహం తిప్పుకుని రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాలకి ఏమీ అంటలేదు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. పాత ఫోను, అవతలి మాట గదంతా వినబడుతుంది.

"ఏమండీ, ఫ్రేము ఇచ్చారా? కొత్తింట్లో ఉన్నాను. మేకు కొట్టించాను, తలుపు తీయగానే కనిపించేలా."

"ఇంకాసేపట్లో ఇస్తారు."

"మీకొకటి చెప్పనా?" అంది ఆమె గొంతు. "ఎనిమిది నెలల్నించీ కళ్ళు మూస్తే ఆస్పత్రి మంచం మీది మొహమే వచ్చేది నాకు. ఆ పదకొండు రోజులూ నొప్పికి పెదాలు బిగించుకునే ఉందిగా. ఆ మూసిన మూతే వచ్చేది. మీరు బాధపడతారని చెప్పలేదు. ఈ ఫోటో వచ్చాక అది రావట్లేదండీ. నిన్న నోరంతా తెరిచి నవ్వుతూ వచ్చింది. తెల్లారేదాకా నిద్రపోయాను. మీరు లేపితే గానీ లేవలేదు, చూశారుగా."

అతను ఫోను పట్టుకుని అలాగే ఉన్నాడు.

"వింటున్నారా?"

"వింటున్నా. మంచిది. నువ్వేమన్నా తిను. నేను తెస్తాను," అని పెట్టేశాడు.

ముందుగదిలో ఓనరు ఎవరికో తల కాస్త పైకెత్తండి అని చెబుతున్నాడు. అతను ఫోను జేబులో పెట్టుకుని తెరవైపు తిరిగాడు.

"ఆ పాత నవ్వు పెట్టెయ్యండక్కా."

టచప్పక్కకి కోపమొచ్చింది. ఎవరిమీదో ఆవిడకే తెలియదు. "ఇది నీ పిల్ల కాదా?"

"నా పిల్లే. అచ్చం నా పిల్లే."

"మరి? పోనీ గోడకి అదే పెట్టుకోండి. ఇది చిన్న ప్రింటు తీసిస్తాను. పర్సులో పెట్టుకో. మీ ఆవిడకి చూపించకు."

"పర్సులో ఉంటే రోజూ తీసి చూసుకుంటాను. ఆవిడ గోడ మీది పిల్లని చూసుకుంటుంది." అతను టేపు మెడలోంచి తీసి మడతపెట్టసాగాడు. "మాకున్నది ఒక్కత్తే కదక్కా. ఒకే ఇంట్లో ఉండి చెరో పిల్ల కోసం ఏడవడం ఎలా? పిట్ట ఏమన్నదో, ఎలా నవ్విందో, ఎవరితో చెప్పుకోవాలి ఇక నేను? ఆవిడతోనే కదా."

ఆవిడ మళ్ళీ నవ్వుల ఫోల్డర్లోకి పోయింది. నూటనలభైమూడు తెరిచింది. పళ్ళు వచ్చాయి, చెంప లేచింది. భుజం మాత్రం దించినదాన్ని దించినట్టే ఉంచింది, అతనూ దాని గురించి అడగలేదు.

"ఇందాక చేసింది తీసేయండి. ఉందని తెలిస్తే మళ్ళీ వస్తాను," అన్నాడతను.

"నాకోసం ఉంచుకుంటాను. నీకివ్వను."

"వద్దక్కా."

ఆవిడ పెద్దగా గొడవపెట్టుకుందామనుకుంది. అయినా మౌసు పట్టుకుంది. తీసేయమంటావా అని కంప్యూటరు అడిగింది, ఆవిడ అవునన్న చోట నొక్కింది. ఇంత దుఃఖం తన సొంతవాళ్ళు పోయినప్పుడు కూడా కలిగిందో లేదో ఆవిడకి గుర్తు రాలేదు.

పన్నెండింటికి ప్రింటు వచ్చింది. ఫ్రేములో బిగించి, అద్దం తుడిచి, మూలలకి అట్టలు పెట్టి ఇచ్చింది. కాగితం చుట్టబోతే అతను వద్దని, కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మొహాన్ని పైనుంచి కిందిదాకా, చెవినుంచి చెవిదాకా చూశాడు, కొత్తగా వచ్చిన గిరాకీ కొలతలు బుర్రలో పెట్టుకుంటున్నట్టు.

"మా పిట్ట నోరారా నవ్వేదక్కా," అన్నాడు.

మాట సరిగ్గా కుదరలేదనిపించిందేమో, గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు.

"ఎప్పుడూ ఇలాగే నవ్వేది."

"అవును తమ్ముడూ," అంది టచప్పక్క.